నాలుగు అంకెల ఫోను, నడిమధ్య గోడ

ఈసారి కొంచెం పెద్దదిగా రాస్తున్నాను, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మొన్న మన వాట్సాప్ గ్రూపులో మదురై తమ్ముడొకడు అడిగినాడు. "అన్నా, కోయంబత్తూరు సంఘానికి ఒక నంబరు, మదురైలో ఒకటి, రాజపాళయంలో ఇంకొకటి. మూడూ కలిపి ఒకే నంబరు పెట్టలేమా? ఎవరు చేసినా ఎక్కడ మనిషి ఉంటే అక్కడ మోగాలి. ఇంత చిన్న పని ఎందుకు కావడం లేదు?" అని.

ఇప్పుడైతే అవుతుంది తమ్ముడూ. లైసెన్సు ఉన్న టెలిఫోను కంపెనీల దగ్గర అలాంటి సర్వీసు ఉంది. నెలకు ఇంత అని కడితే వాళ్ళే చూసుకుంటారు. ఆ సంగతి కార్యదర్శిగారికి వదిలేస్తాను. నాకు నవ్వొచ్చింది 'ఇంత చిన్న పని' అన్న మాటకు. ఆ చిన్న పని కోసమే నేను ఉద్యోగంలో ఏళ్ళ తరబడి కాగితాలు మోసినాను.

నేను పనిచేసింది ఒక నూలు మిల్లుల గ్రూపులో. పేరు రాయను. యజమానులు మనవాళ్ళే, వాళ్ళ పిల్లలు ఈ గ్రూపులోనే ఉన్నారు. నా పని టెలిఫోన్లు. చేరినప్పుడు బోర్డు బాగుచేసేవాణ్ణి, తరవాత కంప్యూటర్లు వచ్చినాక నెట్‌వర్కు మనిషినైనాను. మిల్లులో అందరికీ మాత్రం చివరిదాకా 'ఫోనాయన'నే.

మన మిల్లులకు ఫోను ఎంత ముఖ్యమో ఇప్పటి పిల్లలకు తెలియదు. జి. కుప్పుస్వామి నాయుడుగారు లక్ష్మీ మిల్స్ మొదలుపెట్టింది 1910లో. 1930లలో పైకారా కరెంటు వచ్చినాక కోయంబత్తూరు చుట్టూ మిల్లులు వరసపెట్టి లేచినాయి. అటు రాజపాళయంలో పి.ఏ.సి. రామస్వామి రాజాగారు 1936లో రాజపాళయం మిల్స్ పెట్టినారు. ఇక్కడొక మిల్లు, సాత్తూరు వైపు వియ్యంకుల పత్తి వ్యాపారం, మదురైలో నూలు అమ్మే బంధువు, ఇట్లా ఉండేది మనవాళ్ళ లెక్క. పత్తి ధర పొద్దున ఒకటి, మధ్యాహ్నానికి ఇంకొకటి. ట్రంక్ కాల్ బుక్ చేసుకొని గంటలు గంటలు కూర్చునేవాళ్ళు. బయటివాళ్ళకు అర్థం కాకూడదని ధర తెలుగులో చెప్పుకొనేవాళ్ళట. ట్రంకు బోర్డులో కూర్చున్న అమ్మాయి కూడా మన నాయుళ్ళ పిల్లే అయితే ఆ రహస్యం ఎంతసేపు నిలిచేదో మీరే ఊహించుకోండి.

తరవాత ఎస్టీడీ వచ్చింది. రాత్రి 11 దాటితే పావు రేటు అని బూతుల ముందు క్యూలు కట్టిన రోజులు మనలో చాలామందికి గుర్తే. మా ఆఫీసులో ఎస్టీడీ తాళం మేనేజరు దగ్గర ఉండేది. నిజంగా తాళమే, ఫోను డయలుకు వేసే చిన్న ఇత్తడి తాళం.

అసలు సంగతికి వస్తాను. 2010లో మా గ్రూపు ఇంకొక కుటుంబం మిల్లులను కొన్నది. వాళ్ళవి మదురై వైపు రెండు మిల్లులు, హైదరాబాదులో ఒక అమ్మకాల ఆఫీసు. మావి కోయంబత్తూరు చుట్టుపక్కల మూడు. మా పెద్దాయన నన్ను పిలిచి, "అన్ని చోట్లా ఒకటే ఫోను కావాలప్పా. నేను ఇక్కడ నాలుగు అంకెలు నొక్కితే మదురైలో మోగాలి. కస్టమరు కోయంబత్తూరు నంబరుకు చేస్తే, మన ఆపరేటరు హైదరాబాదుకు కలిపెయ్యాలి. ఖర్చు గురించి నువ్వు చూడొద్దు" అన్నారు.

రెండు కోరికలు. వినడానికి ఒకటే అన్నట్టు ఉంటాయి. మొదటిది చట్టప్రకారం ఏ ఇబ్బందీ లేనిది. రెండోది నేరం.

ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ తేడా ఇంజనీర్లకే అర్థం కాదు. మన దేశంలో టెలిఫోను వ్యవస్థ నడిపే హక్కు అప్పట్లో 1885 నాటి ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం 4వ సెక్షను ప్రకారం ప్రభుత్వానిదే. ప్రభుత్వం లైసెన్సు ఇస్తే కంపెనీలు నడుపుతాయి. ఒక సంస్థ తన ఆఫీసుల మధ్య లీజ్డ్ లైను అద్దెకు తీసుకొని తనవాళ్ళతో తాను మాట్లాడుకోవచ్చు. అది ఇంటి లోపలి మాట. ఊరి ఫోను లైన్లు, అంటే మనం బిల్లు కట్టే మామూలు లైన్లు, అవి బజారు. ఇంటి లోపలి తీగను, బజారు తీగను ఒకచోట ముడి వేస్తే ఏమవుతుంది? హైదరాబాదులో మా మనిషి లీజ్డ్ లైను మీద కోయంబత్తూరు దాకా ఉచితంగా వచ్చి, ఇక్కడి ఊరి లైను పట్టుకొని సింగానల్లూరులో ఎవరికో లోకల్ కాల్ చేస్తాడు. ఎస్టీడీ డబ్బు ఎగిరిపోయింది. దీన్నే టోల్ బైపాస్ అంటారు. సుంకం కట్టే చోటును తప్పించి పక్కసందులో బండి తోలడం.

ఈ రూలు పెట్టినవాళ్ళను నేను ఎప్పుడూ తప్పుపట్టలేదు. ఎస్టీడీ మీద వచ్చిన డబ్బుతోనే పల్లెటూళ్ళ లైన్లు నడిచేవి. పల్లెలో ఒక లైను వేసి దాని బిల్లుతో ఖర్చు రాబట్టడం ఎప్పటికీ అయ్యేది కాదు. 2003లో యాక్సెస్ డెఫిసిట్ ఛార్జి అని పేరు పెట్టి మరీ ఆ లోటును ఇతర కంపెనీల దగ్గర వసూలు చేసినారు. మేము పక్కసందులో బండి తోలితే నష్టపోయేది ఎక్కడో కమ్మాపురంలాంటి ఊరి పంచాయతీ ఫోను. అది నిజమైన కారణం.

సరే, 2010లో మాకు సామాను అమ్మడానికి వచ్చిన కుర్రాడు ఏమన్నాడో చెప్తాను. "సార్, అన్నీ కలిపేద్దాం. ఎవరు చూస్తారు? ఊళ్ళో సగం ఆఫీసులు ఇట్లాగే ఉన్నాయి." చాలా మంచి పిల్లవాడు, పని తెలిసినవాడు. కానీ లైసెన్సు లేకుండా ఎక్స్‌ఛేంజి నడిపినట్టు తేలితే కేసు వాడి మీద రాదు. మిల్లు పేరు మీద వస్తుంది, సంతకం పెట్టిన నా మీద వస్తుంది. పైగా కొన్న మిల్లుల లెక్కలు ఇంకా సర్దుకోలేదు, బ్యాంకులవాళ్ళు ప్రతి కాగితం చూస్తున్నారు. అట్లాంటి సమయంలో ఒక ఫోను ముడి కోసం తలుపు దగ్గరికి పోలీసును తెచ్చుకుంటామా?

నేను పెద్దాయనతో చెప్పినాను: "గోడ ఉంచే కలుపుదాం. గోడ ఎక్కడుందో వాళ్ళకే చూపించి, కాగితం మీద ఒప్పించుకుందాం." ఆయన ఒక నిమిషం ఆలోచించి, "ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నారు. నెల అన్నాను. ఏడు నెలలు పట్టింది.

మొదటి తంటా చట్టంతో రాలేదు, మనవాళ్ళతోనే వచ్చింది. మా పెద్దాయన ఎక్స్‌టెన్షను 2001. కొన్న మిల్లుల పెద్దాయనదీ 2001. రెండు నెట్‌వర్కులు కలిస్తే ఒకే నంబరు ఇద్దరికి ఉండదు. ఒకరు మారాలి. ఎవరు మారాలి? అమ్మినా ఆయన సలహాదారుగా ఉన్నారు, వయసులో పెద్దవారు, పైగా దూరపు వరసలో మామ. ఈ విషయం మీద నాలుగు మీటింగులు జరిగినాయంటే నమ్మరు. చివరికి ఇద్దరికీ కొత్త నంబర్లు ఇచ్చి 2001 ఎవరికీ ఇవ్వకుండా వదిలేసినాము.

తరవాత గోడ. అప్పటికే ఫోను సామాను చేసే పెద్ద కంపెనీలు మన దేశం కోసమని ప్రత్యేకంగా ఏర్పాట్లు పెట్టుకున్నాయి. సిస్కోవాళ్ళ సాఫ్ట్‌వేరులో లాజికల్ పార్టిషనింగ్ అని ఒక భాగమే ఉంది. ప్రతి పరికరానికి ఊరు పేరు రాసిపెట్టాలి. ఊరి లైన్లు పట్టే పెట్టె 'బార్డర్', బల్ల మీది ఫోను 'ఇంటీరియర్'. సరిహద్దు, లోపలి మనిషి. కోయంబత్తూరు సరిహద్దు నుంచి వచ్చిన కాల్ కోయంబత్తూరు మనిషికి పోవచ్చు, మదురై మనిషికి పోకూడదు. నేరుగా పోవడం ఆపడం తేలిక. కష్టం దొడ్డిదారులతో. ట్రాన్స్‌ఫర్ చేస్తే? ముగ్గురిని కాన్ఫరెన్సులో కలిపితే? ఫార్వర్డు పెట్టుకొని ఇంటికి పోతే? మదురై మేనేజరు కోయంబత్తూరుకు వచ్చి ఇక్కడి ఫోనులో తన నంబరుతో లాగిన్ అయితే, అతను ఇప్పుడు ఏ ఊరివాడు? ఈ చివరి ప్రశ్న మీద నేను ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. ఇక్కడే పుట్టి పెరిగి 'మీరు ఎక్కడివాళ్ళు' అని ఇప్పటికీ అడిగించుకొనే మనకు ఆ ప్రశ్న కొత్తది కాదు. సాఫ్ట్‌వేరు లెక్కలో మాత్రం జవాబు సూటిగా ఉంది. నంబరు ఏదైనా సరే, మనిషి కూర్చున్న చోటే అతని ఊరు.

లీజ్డ్ లైను ఇచ్చే కంపెనీ డయాగ్రామ్ అడిగింది, హామీపత్రం అడిగింది. సందేహం ఉన్న చోట్ల నేను టెలికాం శాఖ కార్యాలయానికే నేరుగా రాసినాను. మొదటి ఉత్తరానికి జవాబు రాలేదు. రెండోదానికి రూలు కాపీ వచ్చింది, నా ప్రశ్నకు జవాబు లేదు. మూడోసారి ప్రశ్నలన్నీ అవును, కాదు అని రాసేటట్టు మార్చి, పక్కన ఖాళీ గడులు పెట్టి పంపినాను. నింపి పంపినారు! ఆ రోజు నుంచి ఏ ఆఫీసుకు రాసినా ఇదే పద్ధతి. మన సంఘం అర్జీలు రాసేవాళ్ళు దీన్ని గుర్తు పెట్టుకుంటే మంచిది. మూడు పేజీల గౌరవ వాచకాల కంటే మూడు ఖాళీ గడులు పనిచేస్తాయి.

చూడడానికి ఒక అధికారి వచ్చినారు. తిరునెల్వేలి వైపు మనిషి, మాట తక్కువ. డయాగ్రామ్ పక్కన పెట్టి, కాల్ రికార్డుల ప్రింటు తీయించుకున్నారు. తరవాత జేబులోంచి తన మొబైలు తీసి మా 0422 నంబరుకు చేసినారు. మా ఆపరేటరు అక్క ఎత్తింది. "మదురై మిల్లు అకౌంట్సుకు కలపండి" అన్నారు. అక్క అమాయకంగా కలపబోయింది, కుదరలేదు, బోర్డు కీచుమన్నది. "సారీ సార్, ఇక్కడి నుంచి కలపలేము, 0452 నంబరు రాసుకోండి" అని చెప్పింది. కాన్ఫరెన్సు చేయమన్నారు, అదీ కాలేదు. ఆయన మొహంలో మొదటిసారి చిన్న నవ్వు. సంతకం పెట్టినారు.

ఆ గోడ వల్ల ఒక మనిషి ఉద్యోగం నిలిచిందని చెప్పాలి. అన్నీ యంత్రం కలిపేస్తే ఆపరేటరు అవసరం లేదని ఖర్చులు చూసే మేనేజరు ముందే లెక్క వేసినాడు. గోడ ఉంది కాబట్టి, వచ్చినవాళ్ళకు సరైన ఊరి నంబరు చెప్పడానికి మనిషి కావలసి వచ్చింది. అక్క ఇంకా ఆరేళ్ళు ఆ కుర్చీలో ఉంది.

అదే గోడ ఇంకొక రాత్రి ఏం చేసిందో కూడా చెప్పాలి. 2011లో. రాత్రి తొమ్మిది కావస్తోంది, అక్క ఇంటికి బయలుదేరబోతోంది. నేను సర్వరు గదిలో ఉన్నాను. ఫోను మోగింది. మదురై మిల్లు దగ్గరి కాలనీ నుంచి ఒక ముసలాయన. కొడుకు షిఫ్టులో ఉన్నాడు, కోడలికి నొప్పులు మొదలైనాయి, నెలలు నిండలేదు, నెత్తురు పోతోంది. మిల్లు వ్యాను కావాలి, కొడుకు కావాలి. షిఫ్టులో మొబైళ్ళు గేటు దగ్గర డబ్బాలో పెట్టి పోవాలి కాబట్టి కొడుకు ఎత్తడు. ఆయన చేతిలో ఉన్నది కొడుకు పాత ఐడీ కార్డు, దాని మీద ఉన్నది హెడ్డాఫీసు నంబరు ఒక్కటే. 0452 నంబరు రాసుకోమంటే ఆయన చెయ్యి వణుకుతోంది, అంకెలు నిలవడం లేదు. "అమ్మా, నువ్వే పిలువు తల్లీ, లైను పెట్టెయ్యొద్దు" అని ఏడుస్తున్నాడు. ఆ తెలుగు మా అవ్వ మాట్లాడే తెలుగే, సాత్తూరు పక్క యాస.

అక్క రెండో ఫోనులో నాలుగు అంకెలు నొక్కింది. లోపలి లైను కాబట్టి మదురై షిఫ్టు సూపర్‌వైజరు వెంటనే ఎత్తినాడు. కొడుకును పిలిపించినారు. కానీ తండ్రి ఊరి లైనులో, కొడుకు లోపలి లైనులో. ఇద్దరి మధ్య నేను ఏడు నెలలు కష్టపడి కట్టిన గోడ. నేను గోడ తీసేద్దామా అని కంప్యూటరు వైపు తిరిగేలోపల అక్క పని చేసేసింది. ఒక రిసీవరు మాట్లాడే చివర రెండోదాని వినే చివరకు ఆనించి, రెండింటినీ తలకిందులుగా పట్టుకొని గట్టిగా అదిమింది. "మాట్లాడండి" అని అరిచింది. మాట్లాడుకున్నారు. రెండు నిమిషాలు ఉంటుందేమో. అక్క చేతులు అట్లాగే బిగబట్టి ఉంది. వ్యాను పోయింది. తల్లీ బిడ్డా బతికినారు. ఆడపిల్ల.

మరుసటి నెలలో నేను ఆ అధికారికి ఈ సంగతి చెప్పినాను. దాచడం నాకు ఇష్టం లేకపోయింది. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. "రెండు రిసీవర్లు ఒకదానికొకటి ఆనించకూడదని మా దగ్గర రూలు లేదు" అన్నారు. తరవాత, "కానీ మీ కార్డు మీద ఆ ఊరి నంబరు ఎందుకు లేదు?" అని అడిగినారు. ఆపద వేళకు మినహాయింపు కావాలని నేను గడులు పెట్టి రాసిన ఉత్తరానికి 'కాదు' అనే జవాబు వచ్చింది. ఆయన ప్రశ్న మాత్రం పనికొచ్చింది. నెల లోపల అన్ని కార్డుల మీద ఏ మిల్లుకు ఆ ఊరి నంబరు అచ్చు వేసినాము.

ఇప్పుడు నా మనసులో ఉన్న కోపం చెప్తాను. అది ఏ మనిషి మీదా కాదు. మార్చి 1, 2006న బీఎస్ఎన్ఎల్, ఎంటీఎన్ఎల్ 'వన్ ఇండియా' అని తెచ్చినాయి. దేశంలో ఎక్కడికైనా నిమిషానికి ఒక రూపాయి. యాక్సెస్ డెఫిసిట్ ఛార్జిని 2008లో ఎత్తేసినారు. అంటే పల్లె ఫోను కోసం సుంకం అన్న కారణం మేము గోడ కట్టకముందే కూలిపోయింది. ఆ ముసలాయన ఫోను చేసిన రాత్రి ఆ గోడ ఎవరి డబ్బునూ కాపాడడం లేదు. పందికొక్కులు పోయినా గాదె చుట్టూ ముళ్ళకంప అట్లాగే ఉంది, గుచ్చుకొనేది ఇంటివాళ్ళకే.

మరి ఎప్పుడు కదిలింది? కాల్ సెంటర్ల వల్ల. వాళ్ళను అదర్ సర్వీస్ ప్రొవైడర్లు అనేవాళ్ళు, 2008 నాటి షరతుల కింద రిజిస్ట్రేషను చేసుకోవాలి. ఇంటి నుంచి పని చేయించాలంటే కోటి రూపాయల బ్యాంకు గ్యారంటీ దాకా ఉండేది. ట్రాయ్ 2019 మార్చిలో ఈ నిబంధనల మీద సంప్రదింపుల పత్రం వేసి, అందరి అభిప్రాయాలు తీసుకొని, అక్టోబరులో సిఫార్సులు ఇచ్చింది. అంతలో కరోనా వచ్చింది. 2020 మార్చిలో ఇంటి నుంచి పనికి షరతులు తాత్కాలికంగా సడలించినారు. దేశమంతా ఇళ్ళలోంచి ఫోన్లు ఎత్తితే ఆకాశం ఊడిపడలేదని అప్పుడు అందరికీ తెలిసింది. నవంబరు 5, 2020న రిజిస్ట్రేషనే తీసేసినారు. జూన్ 23, 2021న ఇంకొంచెం తెరిచినారు. దేశీ, విదేశీ కాల్ సెంటర్లు అన్న తేడా పోయింది, ఒకదానితో ఒకటి కలుపుకోవచ్చు, ఈపీఏబీఎక్స్ ఎక్కడైనా పెట్టుకోవచ్చు. లైసెన్సు ఉన్న కంపెనీల దారిని తప్పించడం మాత్రం ఇప్పటికీ కుదరదు. గమనించండి, ఇదంతా కాల్ సెంటర్లకు. నూలు మిల్లు కాల్ సెంటరు కాదు.

ఎందుకు వాళ్ళకే? వాళ్ళు అడిగినారు కాబట్టి. ట్రాయ్ పత్రం వేస్తే ఎవరైనా రాయవచ్చు. మీరు రాసినది అలాగే వాళ్ళ సైటులో పెడతారు, దాని మీద ఇతరులు ప్రతివ్యాఖ్యలు రాస్తారు, తరవాత బహిరంగ చర్చ కూడా ఉంటుంది. కాల్ సెంటర్ల సంఘాలు, ఐటీ సంఘాలు పేజీలకు పేజీలు రాసినాయి. ఇన్ని మిల్లులు, ఇన్ని పంపుసెట్ల కంపెనీలు ఉన్న మన ఊళ్ళ నుంచి, ఆ గోడను రోజూ తగులుకొనే మనలాంటివాళ్ళ నుంచి, ఎవరైనా ఒక ఉత్తరం రాసినట్టు నేను మాత్రం వినలేదు. మనకు పని పడితే 'ఎవరైనా తెలిసినవాళ్ళు ఉన్నారా' అని అడుగుతాము. ఎమ్మెల్యే, వియ్యంకుడి తమ్ముడు, రిటైరైన కలెక్టరు. ఆ దారిలో ఒకరి పని అవుతుంది. రూలు మారదు. సంఘం తరఫున ఇట్లాంటి పత్రాలు చూసేందుకు ఇద్దరు చదువుకున్న పిల్లలను పెట్టమని కార్యవర్గానికి రాసినాను. ఫోన్లకే కాదు, బడుల్లో తెలుగు గురించి కూడా పనికొస్తుంది. పోయిన సమావేశంలో నా ఉత్తరం చదవకుండానే టీలు వచ్చేసినాయి. మళ్ళీ రాస్తాను, ఈసారి గడులు పెట్టి.

2021 రూల్సు వచ్చినప్పుడు నేను సింగానల్లూరు పోయి అక్కకు చెప్పినాను. రిటైరై ఐదేళ్ళయింది, మోకాళ్ళ నొప్పులు, చెవి బాగానే ఉంది.

"అయితే ఇప్పుడు కలపొచ్చునా తమ్ముడూ?" అనింది.

"కాల్ సెంటర్లు కలపొచ్చక్కా. మిల్లులకు ఇంకా లేదు."

"ఆ మదురై మిల్లు అమ్మేసినారు కదా?"

"2018లోనే అక్కా."

"అయితే ఆ పిల్ల వాళ్ళ నాయనకు పని?"

నాకు తెలియదన్నాను. ఆమె లేచి పోయి బీరువాలోంచి పాత ఆపరేటరు నోటు పుస్తకం తెచ్చింది. ఆ ముసలాయన చేసిన నంబరు ఆ రాత్రే రాసిపెట్టుకుందట. కళ్ళజోడు పెట్టుకొని, నా మొబైలు అడిగి తీసుకొని, 0452 నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క అంకె నొక్కింది.